టైర్లు వద్దన్న టైర్లవాడు

గురువారం పొద్దున ఉదయగిరిలో పెంచలప్రసాద్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆత్మకూరు పోవాలి, సముద్రం ఒడ్డు ఇసుకలో దిగబడని టైర్లు నాలుగు బండికి వేయించుకోవాలి, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చేయాలి. బయలుదేరుతుంటే భార్య ప్రమీలమ్మ, "వచ్చేటప్పుడు రెండు నూనె ప్యాకెట్లు తీసుకురా" అంది. "ఏ షాపులో?" అన్నాడు. "ఏదో ఒక షాపులో" అందామె. ఎప్పుడూ షాపు పేరు చెప్పే మనిషి ఈరోజు ఎందుకు చెప్పలేదా అని ఊరు దాటి చాలా దూరం పోయేదాకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

పెంచలప్రసాద్ చెడ్డవాడేం కాదు. మనిషి మంచివాడే, అనుమానం ఒక్కటే జబ్బు. గ్యాసు సిలిండరు ఇంటికొస్తే కాటా మీద పెట్టి తూస్తాడు. తూకం సరిపోతే కాటా మీద అనుమానపడి పక్కింటి కాటా తెప్పిస్తాడు. పోయినేడు ఆయాసంగా ఉందని డాక్టరు దగ్గరికి పోతే, ఆయన అన్నీ చూసి "నీకే జబ్బూ లేదు, ఇంటికి పో" అన్నాడు. మనవాడు అట్నుంచి అటే ఇంకో డాక్టరు దగ్గరికి పోయి, "ఆ సారు నా దగ్గర ఏం దాస్తుండాడో కొంచెం కనుక్కోండి సార్" అని బతిమాలాడు. ఆ డాక్టరు కూడా ఏమీ లేదనేసరికి ఇద్దరూ కుమ్మక్కయ్యారని తేల్చుకున్నాడు.

ఇప్పుడు ఈ టైర్ల అవసరం ఎందుకొచ్చిందంటే, ఆత్మకూరులో మాల్యాద్రి అని చేపల వ్యాపారి ఉన్నాడు. మైపాడు అవతల పల్లెలో పడవలు నేరుగా ఇసుక ఒడ్డుకే వస్తాయి. అక్కడికి రోడ్డు లేదు. చేపల పెట్టెలు నెత్తిన పెట్టుకుని ఇసుకలో నడిచి రోడ్డు దగ్గరికి చేర్చేసరికి ఐసు సగం నీళ్ళైపోతోంది. అందుకని మాల్యాద్రి బండ్లవాళ్ళందరికీ ఒక మాట చెప్పాడు. "ఆదివారం పొద్దున పడవలొచ్చే టయానికి ఎవరి బండి వచ్చి పడవ పక్కన నిలబడుతుందో, ఏడాదంతా లోడు ఆ బండిదే."

పెంచలప్రసాద్‌కు ఉన్నదల్లా ఒక చిన్న ట్రక్కు. నిమ్మకాయలు తోలేవాడు, ఇటుకలు తోలేవాడు, ఆర్నెల్లుగా గిరాకీ లేక ఇంటి ముందు పట్ట కప్పి పెట్టుకున్నాడు. ప్రమీలమ్మ ఓపిక పట్టి పట్టి చివరికి తేల్చి చెప్పేసింది. "ఈ చేపల లోడన్నా దొరికితే సరి. దొరక్కపోతే బండి అమ్మేసి, సోమవారం నుంచి కొండాపురంలో మా నారాయణ కొట్లో కూర్చో." నారాయణయ్య ఆమె తమ్ముడు. కొండాపురంలో కిరాణా కొట్టు ఉంది. మంచివాడని ఊరంతా అంటుంది కాబట్టే పెంచలప్రసాద్‌కు అతని మీద అనుమానం ఎక్కువ. బామ్మర్ది కొట్లో స్టూలు మీద కూర్చుని ఎండుమిరపకాయలు తూచడం తల్చుకుంటే అతనికి నిజంగానే ఏడుపొచ్చేది. ఆ బండిని అతను ప్రాణంగా చూసుకున్నాడు. స్టీరింగు పట్టుకుంటే ఎవడికీ జవాబు చెప్పనక్కర్లేదు, అదీ అతని సుఖం.

ఆత్మకూరు బస్టాండు అవతల ఎడ్విన్ టైర్ల షాపు. ఎడ్విన్ ముప్పై ఏళ్ళుగా అదే చోట ఉన్నాడు. చర్చిలో పాటలు పాడే గొంతు, తొందర తెలియని నడక. పెంచలప్రసాద్ చెప్పిందంతా విని, బండి చుట్టూ తిరిగి, నాలుగు టైర్లనూ బొటనవేలితో నొక్కి చూసి లేచాడు.

"అన్నా, నీకు కొత్త టైర్లు అక్కర్లేదు" అన్నాడు.

"ఏందీ?"

"ఇయ్యే బాగుండాయి. రోడ్డు అయిపోయి ఇసక మొదలయ్యేకాడ దిగి, నాలుగింట్లో గాలి సగానికి దించు. అరవై పాయింట్లుంటే ముప్పైకి తే. టైరు ఇసక మీద పరుచుకుంటాది. చెప్పులిడిచి ఉత్తకాళ్ళతో నడిచినట్టు పోతాది బండి. తిరిగి రోడ్డెక్కేటప్పుడు గాలి కొట్టుకో, అంతే."

"పెద్ద పెద్ద గుబ్బలుండే టైర్లు వేసుకుంటే?"

"అవి బురదకు. ఇసకలో గుబ్బల టైరు తిరిగితే గొయ్యి తవ్వుకుంటాది. గాలి నిండుగా ఉంటే ఇంకా లోతుగా తవ్వుకుంటాది. దండగ ఖర్చు ఎందుకన్నా నీకు?"

పెంచలప్రసాద్ ఒక అడుగు వెనక్కి వేశాడు. టైర్లు అమ్ముకుని బతికేవాడు, టైర్లు కొంటానని గిరాకీ వస్తే, వద్దు పొమ్మంటున్నాడు. లోకంలో ఎక్కడైనా ఉందా ఇది? మిఠాయి కొట్టువాడు లడ్లు తినొద్దంటాడా? సలహా చెప్పినందుకు ఏమన్నా తీసుకోమంటే ఎడ్విన్ నవ్వి, "మాటకు డబ్బులేందన్నా" అని పైగా టీ తెప్పించాడు. టీ తాగుతూ పెంచలప్రసాద్ అనుమానంగా గోడ వైపు చూశాడు. గోడకు క్యాలెండరు వేలాడుతోంది. దాని మీద పెద్ద అక్షరాలతో "నారాయణ కిరాణా, కొండాపురం" అని ఉంది.

నారాయణయ్య ఏటా జనవరిలో నాలుగు మండలాల్లో కనపడిన ప్రతి షాపుకూ క్యాలెండరు పంచుతాడు. ఆత్మకూరు బస్టాండులో ఉన్న పన్నెండు షాపుల్లో తొమ్మిదింట్లో అదే క్యాలెండరు. కానీ పెంచలప్రసాద్ చూసింది ఒక్కటే. అంతా అద్దంలో కనపడినట్టు అర్థమైపోయింది. బండి ఇసుకలో దిగబడాలి, లోడు పోవాలి, తను కొట్లో స్టూలెక్కాలి. బామ్మర్ది ముందే వచ్చి ఎడ్విన్‌ను మాట్లాడుకుని పోయాడు! లేకపోతే గాలి తీసిన బండి నడుస్తుందని ఎవడైనా చెప్తాడా? టీ సగంలో వదిలేసి లేచాడు.

"ఏమన్నా, అప్పుడే?" అన్నాడు ఎడ్విన్.

"పనుండాది" అన్నాడు పెంచలప్రసాద్, కళ్ళు చిన్నవి చేసి.

రెండు వీధుల అవతల కొండలయ్య టైర్ల షాపు ఉంది. ఈసారి పెంచలప్రసాద్ జాగ్రత్త పడ్డాడు. ముందు గోడలన్నీ చూశాడు, క్యాలెండరు లేదు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "ఇసకలోకి పోవాల. బరువు మీద పోవాల, బరువు మీద రావాల. ఎవరికి, ఎక్కడికి అని అడగొద్దు. ఏ టైర్లేస్తావు?"

కొండలయ్య అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. ఆత్మకూరులో ఇసుక అంటే పెన్న ఏటి ఇసుకే. ఎవరికని అడగొద్దన్నాడంటే దొంగ ఇసుకే, ఇంక చెప్పేదేముంది! "అర్థమైందన్నా" అని కన్నుకొట్టి, లోపల్నుంచి అరచేతి మందం గుబ్బలున్న టైర్లు దొర్లించుకొచ్చాడు. "పొద్దున్నే కంపెనీ నుంచి దిగినాయి" అన్నాడు. వాటి మీద వేలు మందం దుమ్ముంది. "జిల్లా మొత్తం మీద ఈ నాలుగే మిగిలినాయి" అన్నాడు. వెనక ఇంకో ఇరవై కనపడుతూనే ఉన్నాయి. "అందరికీ ఇయ్యను, నువ్వు కాబట్టి ఇస్తుండా" అన్నాడు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకోవడం అదే మొదలు.

పెంచలప్రసాద్ మనసు తేలికపడింది. వ్యాపారస్తుడంటే ఇట్టా ఉండాలి. నాలుగు మాటల్లో మూడు అబద్ధాలు ఆడాడంటే, వీడి వెనక ఎవడూ లేడు, సొంత లాభమే చూసుకుంటున్నాడు. నమ్మకంగా పాత టైర్లు ఇచ్చేసి గుబ్బల టైర్లు బిగించుకుని ఇంటికి వచ్చాడు. నూనె ప్యాకెట్లు మర్చిపోయాడు.

అతని బండి వీధి మలుపు తిరగ్గానే, దాని వెనక రాసి ఉన్న పేరూ ఊరూ చదివిన కొండలయ్య ఎదురుగా ఉన్న టీ బంకు దగ్గరికి పోయాడు. "ఉదయగిరాయన ఒకడు పెన్నలోకి దిగుతుండాడబ్బా. పెద్ద ఎత్తునే ఉండేట్టుంది" అని ముగ్గురికి మాత్రమే చెప్పాడు. సాయంత్రానికి పెంచలప్రసాద్‌కు ఆరు లారీలు ఉన్నాయని, నెల్లూరులో రెండంతస్తుల ఇల్లు లేస్తోందని ఆత్మకూరులో చెప్పుకున్నారు.

టైర్లు కొన్నాడు సరే, కొన్నదాన్ని పరీక్ష చేయకుండా పెంచలప్రసాద్ నిద్రపోగలడా? ఆదివారం దాకా ఆగి, సముద్రం ఒడ్డున మాల్యాద్రి ముందు దిగబడితే అంతే సంగతులు. ఇసుకలో ఒకసారి తోలి చూడాలి, అదీ లోడుతో తోలి చూడాలి. ఇంటి పక్కన గోడ కట్టగా మిగిలిన ఇసుక కుప్ప ఉంది. శుక్రవారం పొద్దున్నే పన్నెండు గోతాల్లోకి ఆ ఇసుక నింపి, చేపల పెట్టెల బరువుకు సరిగ్గా సరిపోయేట్టు బండిలో పేర్చి, పైన పట్ట కప్పి తాళ్ళతో బిగించాడు.

"ఇసక ఎక్కడికి తీసకపోతుండావు? అది మిద్దె మీద పిట్టగోడకని పెట్టుకుంటిని కదా!" అంది ప్రమీలమ్మ.

"మళ్ళీ తెస్తాలే."

"ఎక్కడికో చెప్పరాదా?"

చెప్తే క్షణంలో తమ్ముడికి ఫోను పోతుందని అతనికి తెలుసు. చెప్పకుండా పోయాడు. చెప్పకుండా పోయినందుకు ఆమె తమ్ముడికి ఫోను చేసింది. "నారాయణా, మీ బావ ఇసక మూటలు పట్ట కప్పుకోని ఎక్కడికో పోతుండాడురా. అడిగితే చెప్పడంలా. నాకు భయంగా ఉండాది" అంది.

మధ్యాహ్నం రెండు గంటలకు, మనిషి పొడ లేని ఎండలో, పెంచలప్రసాద్ సోమశిల డ్యాం కింద పెన్న ఇసుకలోకి బండి దించాడు. యాభై గజాలు దర్జాగా పోయింది. అతను పళ్ళు బిగబట్టి యాక్సిలరేటరు ఇంకొంచెం తొక్కాడు. గుబ్బల టైర్లు గరగరమని తిరిగాయి, ఇసుక వెనక్కి ఎగజిమ్మింది, బండి కిందికి దిగింది. మళ్ళీ తొక్కాడు, ఇంకా దిగింది. ఇరుసు ఇసుకను తాకేదాకా తొక్కి, అప్పుడు ఆగి, కొండలయ్యను కూడా నారాయణయ్య కొన్నాడా అని అయిదు నిమిషాలు ఆలోచించాడు. తర్వాత పార తీసుకుని చక్రాల చుట్టూ ఇసుక తవ్వడం మొదలుపెట్టాడు.

పెన్న మధ్యలో బండి, బండి మీద పట్ట, పట్ట కింద మూటలు, పక్కన పార పట్టుకుని ఇసుక తవ్వుతున్న మనిషి. గట్టు మీద గొర్రెలు కాసేవాళ్ళు ఇద్దరు ఆ దృశ్యం చూశారు. ఫోటోలు తీశారు. అప్పటికే టీ బంకు మాట చెవిన పడి తిరుగుతున్న పోలీసు జీపు అరగంటలో వచ్చి గట్టు మీద ఆగింది. కాపర్లు దాన్నీ కలిపి ఇంకో ఫోటో తీశారు. జీపులోంచి దిగింది ఎస్సై జెస్సికా. ఈ స్టేషనుకు కొత్తగా వచ్చిన ఆఫీసరు, పెద్దగా అరవదు, కానీ ఆమె మెల్లగా అడిగితేనే జనం వణికేవాళ్ళు.

"ఏం చేస్తున్నావు?"

"టైర్లు పరీక్ష చేస్తుండా మేడం."

"ఆ మూటల్లో ఏముంది?"

"ఇసక మేడం."

ఆమె కానిస్టేబుల్ వైపు చూసింది, కానిస్టేబుల్ పుస్తకం తెరిచాడు.

"ఎక్కడికి తీసుకుపోతున్నావు?"

"తీసకపోవడంలా మేడం. తెచ్చినాను. ఇంటికాడి ఇసక. ఉదయగిరి నుంచి ఇక్కడికి తెచ్చినాను."

జెస్సికా పట్ట ఎత్తి మూటలు చూసింది. "నా సర్వీసులో పెన్న నుంచి ఇసక ఎత్తుకుపోయేవాళ్ళను వందమందిని పట్టుకున్నా. పెన్నకు ఇసక తెచ్చేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానయ్యా" అంది. కానిస్టేబుల్ రాయడం ఆపి నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు. పెంచలప్రసాద్ దేవుడి మీద ఒట్టు పెట్టాడు, భార్య మీద ఒట్టు పెట్టాడు, బండి మీద ఒట్టు పెట్టాడు. చేపల సంగతి, పడవల సంగతి, టైర్ల సంగతి మొదట్నుంచీ చెప్పాడు. జీవితంలో అంత నిజం ఒకేసారి ఎప్పుడూ చెప్పలేదు. విన్నవాళ్ళందరికీ అది నోటికొచ్చినట్టు అల్లిన కథలాగే ఉంది.

"ఇసకకు టైర్ల గురించి ముందు ఎవరినడిగావు?" అంది జెస్సికా చివరికి.

"ఎడ్విన్ అని, బస్టాండు దగ్గర."

కానిస్టేబుల్ ఫోను చేస్తే గంటలో ఎడ్విన్ మోపెడ్ మీద వచ్చాడు. అతని వెనకే, అక్క ఫోనుకు అదిరిపడి బావను వెతుక్కుంటూ ఆత్మకూరు చేరి, టీ బంకులో పెన్న మాట విన్న నారాయణయ్య కూడా ఆటోలో దిగాడు. ఇద్దరూ ఒకేసారి గట్టు దిగడం చూసి పెంచలప్రసాద్ లోపల్లోపల, చూసినావా, కలిసే వచ్చినారు, అనుకున్నాడు.

"బావా, నీకేం కాలేదు కదా! అక్క ఏడుస్తుండాది" అన్నాడు నారాయణయ్య ఒగరుస్తూ. "ఈ బండి గోల వద్దు బావా. హాయిగా మా కొట్లోకొచ్చి కూర్చో."

"అదీ సంగతి" అన్నాడు పెంచలప్రసాద్. ఏది సంగతో ఎవరికీ అర్థం కాలేదు.

ఎడ్విన్ చేతులు కట్టుకుని నిలబడి, "ఈయన చెప్పింది నిజమే మేడం. సముద్రం ఇసకలోకి టైర్లు కావాలన్నాడు. నేను వద్దన్నా. గాలి సగం దించుకుంటే చాలని చెప్పినా" అన్నాడు.

జెస్సికా పెంచలప్రసాద్ వైపు తిరిగింది. "సరే. ఇప్పుడు గాలి దించు. బండి దానంతటది పైకొస్తే, నువ్వు టైర్ల కోసమే వచ్చావని నమ్ముతా. రాకపోతే స్టేషన్‌కు పోదాం."

అప్పుడు చూడాలి పెంచలప్రసాద్ అవస్థ. ఇప్పటిదాకా ఎవడి మాట నమ్మకూడదనుకున్నాడో ఆ ఎడ్విన్ మాట మీదే తన బతుకు ఆధారపడి ఉంది. మొదటి టైరు గాలి దించాడు. రెండోది దించాడు, మూడోది దించాడు. నాలుగోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇదంతా నాటకమైతే, ఒక్కదాంట్లోనన్నా గాలి ఉండనీ అని, దించినట్టు చూపించి మూత బిగించేశాడు. బండి స్టార్టు చేసి తొక్కితే మూడు వైపులా లేచి, నాలుగో మూల ఇంకో జానెడు దిగింది.

"నాలుగోది దించలేదు కదన్నా నువ్వు?" అన్నాడు ఎడ్విన్ మెల్లగా.

"దించినా!"

ఎడ్విన్ మీటరు పెట్టి చూపించాడు. నిండా అరవై ఉంది. జెస్సికా వాచీ చూసుకుంది. పెంచలప్రసాద్ తల వంచుకుని నాలుగోదీ దించాడు. టైర్లు నాలుగూ పొట్టలు పరిచి కూర్చున్నాయి. ఎడ్విన్ చెప్పినట్టు, తొందరపడకుండా మెల్లగా తొక్కాడు. బండి ఒక్కసారి కదిలి, ఆగి, మళ్ళీ కదిలి, గుంటలోంచి లేచి, గట్టు దాకా ఆగకుండా వచ్చింది. గట్టు మీద గొర్రెల కాపర్లు చప్పట్లు కొట్టారు. పెంచలప్రసాద్ స్టీరింగుకు తల ఆనించి దండం పెట్టాడు. దిగి వచ్చి ఎడ్విన్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సరే, పో" అంది జెస్సికా. "పొయ్యే ముందు మూటలు దించు."

"మేడం, అది మా ఇంటి ఇసక!"

"పెన్నలోంచి ఇసకతో బయటికి వచ్చే బండికి కాగితం ఉండాలి. ఉందా?"

లేదు. పన్నెండు గోతాలూ విప్పి, ప్రమీలమ్మ పిట్టగోడ ఇసుకంతా పెన్నలో కుమ్మరించి, ఖాళీ గోతాలు మడిచి సీటు కింద పెట్టుకున్నాడు. నారాయణయ్య కూడా నాలుగు మూటలు మోశాడు. దారిలో గాలి కొట్టించుకుని పొద్దుగూకేసరికి ఇల్లు చేరాడు.

ఆ రాత్రి నుంచే పెంచలప్రసాద్ కొత్త మనిషయ్యాడు. శనివారం పాలవాడి పాలు కొలవలేదు. ఇంటికొచ్చిన గ్యాసు సిలిండరు తూచకుండా లోపల పెట్టించాడు. లోకంలో మంచివాళ్ళున్నారని, వాళ్ళను నమ్మితే బండి ఇసుకలోంచి లేచి వస్తుందని అతనికి గట్టిగా తెలిసొచ్చింది. ఇంక లోడు తనదే. ఆదివారం కోడి కూసేవేళ బయలుదేరి, నెల్లూరు దాటి, పడవలొచ్చే టయానికి సముద్రం ఒడ్డు చేరుకున్నాడు.

అక్కడ అప్పటికే నాలుగు బండ్లు వచ్చి ఉన్నాయి. నాలుగూ దిగబడి ఉన్నాయి. ఒకటి రోడ్డు దిగీ దిగగానే, రెండు సగం దారిలో, జోసెఫ్ అనే ఆయన బండి మాత్రం అన్నిటికన్నా ఘోరంగా, తలుపు తెరవడానికి కూడా వీల్లేనంత లోతుగా. జోసెఫ్ కిటికీలోంచి బయటికి పాకుతున్నాడు. పెంచలప్రసాద్ దిగి, నాలుగు టైర్లకూ నిజాయితీగా గాలి సగానికి దించి, మెల్లగా తొక్కాడు. గుబ్బల టైర్లే, అయినా బండి ఇసుక మీద తేలినట్టు పోయింది. జోసెఫ్ పక్క నుంచి పోయింది, అందరి పక్క నుంచీ పోయింది. పోయి మొదటి పడవ పక్కన, అలలు ముందు చక్రాలను తాకే చోట ఆగింది. సంతోషం పట్టలేక పెంచలప్రసాద్ హారను మోగించాడు.

మాల్యాద్రి పంచె ఎగ్గట్టుకుని నడిచొచ్చాడు. బండిని చూశాడు. వెనక్కి తిరిగి, బండి గీసిన రెండు గీతల్ని రోడ్డుదాకా చూశాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, అందులో ఒక ఫోటోను, పెంచలప్రసాద్‌నూ మార్చి మార్చి చూశాడు. ఫోటోలో పెన్న, బండి, పార, పోలీసు జీపు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

"ఇరవై ఏళ్ళుగా బండ్లు తోలేవాళ్ళు నలుగురు దిగబడినారు" అన్నాడు. "నువ్వు సిమెంటు రోడ్డు మీద వచ్చినట్టు వచ్చినావు. ఉదయగిరి కొండల్లో ఉండేవాడికి ఇసకలో ఇంత చెయ్యి తిరిగింది ఎట్టా అబ్బా?"

"గాలి దించినానన్నా, అంతే!"

"ఆత్మకూరంతా చెప్పుకుంటుండారు. ఆరు లారీలంట నీకు. అంతటోడివి నా చేపలకెందుకొచ్చినావు? నా ఐసు పెట్టెల కింద ఏం పెట్టి పంపిస్తావు?"

"అన్నా, నాకుండేది ఈ ఒక్క బండే! కావాలంటే ఎడ్విన్‌ను అడుగు." పెంచలప్రసాద్ అక్కడికక్కడే ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. ఎడ్విన్ చర్చికి బయలుదేరుతూ, ఉన్నదున్నట్టు చెప్పాడు. టైర్లు కొనొద్దన్నానని, గాలి దించుకోమన్నానని, డబ్బులు కూడా తీసుకోలేదని.

మాల్యాద్రి ఫోను వైపు చూసి నవ్వాడు. "టైర్లమ్మేవాడు, టైర్లు వద్దని చెప్పినాడంట. ఊరికే చెప్పినాడంట. నేనేమన్నా పసిబిడ్డనా? ఇంత గట్టి సాక్షిని ముందే మాట్లాడి పెట్టుకున్నావంటే నువ్వు మామూలోడివి కాదు."

పెంచలప్రసాద్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ మాటలన్నీ గురువారం తను అనుకున్నవే.

"లోడు జోసెఫ్‌కు ఇస్తుండా" అన్నాడు మాల్యాద్రి. "వాడు నిఖార్సైన మనిషి. ఇసకతో వాడికి ఏ సంబంధమూ లేదు, చూడు, ఎంత లోతుకు పోయినాడో."

"మరి రోజూ అట్టా దిగబడితే నీ చేపలు ఎట్టా పోతాయన్నా?"

"నువ్వు చెప్పినావు కదా గాలి సంగతి. అది వాడికి నేను చెప్పుకుంటాలే. పొయ్యే ముందు తాడేసి వాడి బండి కొంచెం లాగిపో, నీకు అలవాటే కదా."

పెంచలప్రసాద్ జోసెఫ్ బండిని లాగాడు. మిగిలిన మూడూ కూడా లాగాడు. నలుగురూ దండాలు పెట్టి, ఫోను నంబరు అడగడానికి మాత్రం జంకారు. ఎండ నెత్తికెక్కాక ఉప్పునీళ్ళతో తడిసిన ప్యాంటుతో బయలుదేరి, సాయంత్రానికి ఇల్లు చేరాడు. దారి పొడుగునా ఆ స్టీరింగును అరచేత్తో రుద్దుతూనే ఉన్నాడు.

ప్రమీలమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. "దొరికిందా?"

"లేదు."

"ఎందుకు?"

అతను బండి దిగి అరుగు మీద కూర్చున్నాడు. "అయిదు బండ్లు పోయినాం. నాలుగు దిగబడినాయి. పడవకాడికి పోయింది నా బండి ఒక్కటే. అందుకని నాకియ్యలేదు" అన్నాడు.

ఆమె దగ్గరికి వచ్చి అతని ముఖంలోకి వంగి చూసింది. "నాకాడ దాస్తావెందుకు? నేనేమన్నా పరాయిదాన్నా? నిజం చెప్పు, ఏం జరిగింది?"

పెంచలప్రసాద్ మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. మాల్యాద్రి ఫోటో చెప్పాడు, ఎడ్విన్ ఫోను చెప్పాడు, నాలుగు బండ్లు లాగింది చెప్పాడు. చెప్తున్నకొద్దీ ఆమె కళ్ళల్లో అనుమానం పెరిగింది. అతను మధ్యలోనే ఆపేశాడు. బండి తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"దిగబడింది" అన్నాడు.

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదా" అని ప్రమీలమ్మ ఊపిరి పీల్చుకుని, అతని భుజం తట్టి, లోపలికి పోయి నారాయణయ్యకు ఫోను చేసింది. రేపు పొద్దున మొదటి బస్సుకు బావ వస్తాడని, బండికి మంచి బేరం చూడమని చెప్పింది.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆమె అతని మాటను చెప్పీ చెప్పగానే నమ్మడం అదే మొదటిసారి.